ఆవర్తన కాలం ఎవరిది: పలకదా, గడిదా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు 64 × 64 గడుల పలకకు ఎదురెదురు అంచులను కలిపి, గడులను యాదృచ్ఛికంగా నింపి, గణితవేత్త జాన్ కాన్వే రూపొందించిన గేమ్ ఆఫ్ లైఫ్ (ప్రతి గడీ తన పొరుగు గడులను బట్టి ప్రతి తరంలోనూ బతకడమో చావడమో జరిగే ఆట) నడుపుతున్నారు. కొన్ని వేల తరాల తరువాత పలక సద్దుమణుగుతోంది, మిగిలిన ఆకృతులు అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఎన్ని తరాలకు ఒకసారి వస్తున్నాయో తేల్చడానికి మీరు మొదట బతికున్న గడుల సంఖ్యను పోల్చి చూశారు, ఆ తరువాత పలక మొత్తాన్ని పోల్చి చూశారు. ఒకే పలకకు మొదటి పద్ధతి 1 అంటే రెండోది 2 అంది. మరికొన్నిసార్లు 3, 6 వచ్చాయి, ఒకసారి ఏకంగా 256 వచ్చింది. వీటిలో ఏది నిజమైన ఆవర్తన కాలం (మళ్లీ మొదటి రూపానికి రావడానికి పట్టే తరాల సంఖ్య), 2నూ 3నూ మించినవి ఎందుకింత అరుదు, 19 లాంటిది ఎప్పటికైనా కనబడుతుందా అన్నవి మీ మూడు సందేహాలు.

మీ రెండు పద్ధతులలోనూ తప్పు లేదు. వాటిని అడిగినదానికి అవి సరిగానే జవాబిచ్చాయి, కాకపోతే మీరు తెలుసుకోవాలనుకున్నది వేరు. మొదటిది జనాభా, అంటే బతికున్న గడుల సంఖ్య, ఎన్ని తరాలకు తిరిగి వస్తుందో చెప్పింది, రెండోది పలక ఎన్ని తరాలకు తిరిగి వస్తుందో చెప్పింది. ఆసిలేటర్ల గురించి, అంటే ఉన్నచోటే మళ్లీ మళ్లీ మొదటి రూపానికి వచ్చే ఆకృతుల గురించి, మాట్లాడేవారు ఆవర్తన కాలాన్ని గడి దగ్గర వెతుకుతారు. ఈ తేడా పట్టుబడితే మిగిలిన రెండు సందేహాలు కూడా చాలావరకు విడిపోతాయి కాబట్టి దీని దగ్గరే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అన్నిటికంటే చిన్నదైన బ్లింకర్‌ను తీసుకోండి. నిలువుగా ఒకదాని కింద ఒకటి మూడు గడులు బతికి ఉన్నాయి. నియమం మీకు తెలిసినదే: బతికున్న గడికి చుట్టూ ఉన్న ఎనిమిది పొరుగు గడుల్లో రెండో మూడో బతికి ఉంటే అది నిలుస్తుంది, చచ్చిన గడికి సరిగ్గా మూడుంటే అది పుడుతుంది, మిగిలిన అన్ని సందర్భాల్లోనూ మరుసటి తరంలో గడి ఖాళీగా ఉంటుంది. నడిమి గడికి పైనొకటి కిందొకటి పొరుగులున్నాయి, కాబట్టి అది నిలుస్తుంది. పై గడికీ కింది గడికీ ఒక్కొక్క పొరుగే ఉంది, అవి చస్తాయి. నడిమి గడికి ఎడమ పక్కనా కుడి పక్కనా ఉన్న ఖాళీ గడులకు మూడేసి పొరుగులున్నాయి, అవి పుడతాయి. నిలువు గీత అడ్డగీత అయింది, మరుసటి తరంలో అదే లెక్క ప్రకారం మళ్లీ నిలువవుతుంది. అంతటా బతికున్న గడులు మూడే, అందుకే మీ జనాభా లెక్కకు ఇది కదలని రాయిలా కనిపించి 1 అని చెప్పింది. ఇందులో నడిమి గడి ఎప్పుడూ మారదు, చుట్టూ ఉన్న నాలుగు గడులు తరం విడిచి తరం వెలిగి ఆరుతుంటాయి. మారని గడులను స్టేటర్ అనీ మారే గడులను రోటర్ అనీ అంటారు. బ్లింకర్‌లో స్టేటర్ ఒకటి, రోటర్ నాలుగు.

టోడ్ అనే మరో చిన్న ఆసిలేటర్ కూడా మిమ్మల్ని ఇలాగే మోసగిస్తుంది. దాని రెండు రూపాలలోనూ ఆరేసి గడులుంటాయి, అయినా వాటిలో రెండే రెండు గడులు ఉమ్మడివి, మిగిలిన ఎనిమిది గడులు రోటర్. బీకన్ అనే ఆసిలేటర్ మాత్రం మూలతో మూల తగిలిన రెండు చదరాలు (ఒక్కొక్కటి 2 × 2 గడులు) కాబట్టి, ఆ తగిలే రెండు మూల గడులు నాలుగేసి పొరుగుల ఒత్తిడికి చచ్చి మళ్లీ పుడుతుంటే, దాని జనాభా 8కీ 6కీ మధ్య ఊగుతుంది. మీ మొదటి పద్ధతి బీకన్ ఉన్న పలకను పట్టుకుని, బ్లింకర్లు మాత్రమే ఉన్న పలకను వదిలేసిందంటే కారణం ఇదే. పల్సార్ అనే పెద్ద ఆసిలేటర్ జనాభా 48, 56, 72 అని మూడు మెట్లలో తిరుగుతుంది కాబట్టి మీకు 3 సరిగానే వచ్చింది.

ఇక 6 సంగతి. మీ పలక మీద ఒక మూల పల్సార్, మరో మూల బ్లింకర్ ఉండి ఉంటాయి. ఒకటి మూడు తరాలకూ ఇంకొకటి రెండు తరాలకూ మొదటికి వస్తుంటే పలక మొత్తం వాటి క.సా.గు. అయిన 6 తరాలకు మొదటికి వస్తుంది. దీన్ని పీరియడ్ 6 ఆసిలేటర్ అనలేం. ఆ పలక మీద ఏ గడినైనా విడిగా చూడండి, అది 1కి గాని 2కి గాని 3కి గాని తిరుగుతుందే తప్ప ఆరింటికి తిరిగే గడి ఒక్కటీ దొరకదు. కనీసం ఒక్క గడి అయినా పూర్తి ఆవర్తన కాలంతో కొట్టుకుంటేనే ఆ సంఖ్యను ఆ ఆకృతికి ఆపాదించాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న నియమం. క.సా.గు. వల్ల మాత్రమే వచ్చిన సంఖ్యను ఉత్త కూడికగా చూసి పక్కన పెడతారు. పైకి ఇది పేరు గొడవలా కనిపిస్తుంది గాని, ఈ నియమం లేకపోతే మీ మూడో ప్రశ్నకు అర్థమే ఉండదు.

256 కథ వేరు, దానికి మీ పలక అంచులే కారణం. గ్లైడర్ అనే ఐదు గడుల ఆకృతి నాలుగు తరాలకు ఒక గడి చొప్పున మూలవాటంగా జరుగుతుంది. అంచులు కలిపిన 64 × 64 పలక మీద దారిలో ఏదీ అడ్డు తగలకపోతే అది 64 అడుగులు వేసి, అంటే 64 × 4 = 256 తరాలకు, బయలుదేరిన చోటికే చేరుతుంది. అనంతమైన తలం మీద ఇది ఆసిలేటర్ కానే కాదు, ఎప్పటికీ తిరిగిరాని బాటసారి. నేను కూడా తొలినాళ్లలో ఇదే గోతిలో పడ్డాను. నా ప్రోగ్రాము ఒక రాత్రి 768 అని అచ్చు వేస్తే ఏదో గొప్పది దొరికిందనుకుని రెండు సాయంత్రాలు ఆ పలకను ముక్కలు ముక్కలుగా కోసి చూశాను. చివరికి దొరికింది ఒక గ్లైడర్, ఒక పల్సార్: 256 × 3.

కాబట్టి మీ ప్రోగ్రాములో ఈ మార్పు చేయండి. ముందు పలక మొత్తానికి ఆవర్తన కాలం కనుక్కోండి, దాన్ని పె అనుకుందాం. ప్రతి తరాన్నీ దాచుకోనక్కరలేదు. బ్రెంట్ పద్ధతిలో 1, 2, 4, 8, 16 అలా రెట్టింపవుతున్న తరాల దగ్గర మాత్రం ఒక ప్రతిని దాచి, ఆ తరువాత వచ్చే ప్రతి తరాన్నీ దానితో పోలిస్తే సరిపోతుంది. పె తేలాక మరో పె తరాలు నడిపి, ఒక్కొక్క గడి వెలిగి ఆరిన వరుసను సున్నాలు ఒకట్లుగా రాసుకోండి. ఆ వరుస పె యొక్క ఏ అతి చిన్న భాజకానికి పునరావృతమవుతుందో అదే ఆ గడి ఆవర్తన కాలం. పె 30 అయితే 1, 2, 3, 5, 6, 10, 15, 30 మాత్రమే పరీక్షించాలి. గడులకు వాటి ఆవర్తన కాలాన్ని బట్టి రంగులు వేయండి, పలక ఒక్కసారిగా చదవదగిన పటంలా మారుతుంది. ఒక్క జాగ్రత్త: గ్లైడర్ నడిచే దారిలోని గడులు కూడా ఈ పరీక్షలో 256 అనే చెబుతాయి. అందుకని అనుమానం వచ్చిన ప్రతి గుంపునూ విడిగా తీసి, ఎన్నో రెట్లు పెద్దదైన ఖాళీ తలం మీద పెట్టి నడిపి, అది ఉన్నచోటే మొదటికి వస్తుందో లేదో చూడాలి. సొంతంగా రాసుకునే ఓపిక లేకపోతే గాలీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆవర్తన కాలం కనిపెట్టే స్క్రిప్టు ఉంది, గాని గడివారీ రంగుల పటం మీరే తయారు చేసుకుంటే వచ్చే అవగాహన దానివల్ల రాదు.

రెండో సందేహానికి వద్దాం. మీ పలక మీద 4,096 గడులున్నాయి, కాబట్టి సాధ్యమైన స్థితులు 2 ఘాతం 4,096, అది 1,234 అంకెల సంఖ్య. స్థితులు ఎన్ని ఉన్నా పరిమితమే గనుకా, ఒక స్థితి తరువాత ఏది రావాలో నియమం ముందే నిర్ణయించింది గనుకా, ఏ పలకైనా ఎప్పుడో ఒకప్పుడు చక్రంలో పడి తీరాలి. అయితే ఈ వాదన చక్రం ఉంటుందని చెబుతుందే తప్ప అది చిన్నదిగా ఉంటుందని చెప్పదు. చిన్నవి ఎందుకు వస్తాయో తెలియాలంటే అలజడి ఎలా చల్లారుతుందో చూడాలి. ఐదే గడుల ఆర్-పెంటోమినోను ఖాళీ తలం మీద పెడితే అది 1,103 తరాలు కొట్టుకుని, చివరికి 116 గడులు మిగులుస్తుంది: ఎనిమిది చదరాలు, నాలుగు తేనెపట్లు, నాలుగు బ్లింకర్లు, ఒక పడవ, ఒక ఓడ, ఒక లోఫ్ (బ్లింకర్లు తప్ప ఇవన్నీ కదలని ఆకృతులు), దూరంగా పోయే ఆరు గ్లైడర్లు. అంత గందరగోళం నుంచి మిగిలిన ఆసిలేటర్లు నాలుగు బ్లింకర్లే. మూడు గడులతో తయారయ్యే వస్తువు పుట్టడానికి దారులు లెక్కలేనన్ని; వరుసగా ఐదు గడులు పడినా చాలు, కొద్ది తరాల్లో నాలుగు బ్లింకర్ల గుంపుగా విచ్చుకుంటాయి. పెద్ద ఆవర్తన కాలం కావాలంటే అలజడి ఎక్కువ సేపు సాగాలి, సాగుతూనే బయటకు చిందకూడదు, చివరికి తు.చ. తప్పకుండా మొదటి రూపానికే రావాలి. యాదృచ్ఛికంగా ఈ మూడూ ఒకచోట కుదరడం అరుదు. అలా కుదిరినవాటిలో ముచ్చటైనది పెంటాడెకథ్లాన్. అడ్డంగా వరుసగా పది గడులు వెలిగించి వదలండి, అది కొన్ని తరాల్లో పదిహేను తరాలకొకసారి ఊపిరి పీల్చి వదిలే ఆసిలేటర్‌గా స్థిరపడుతుంది. 1970లో కాన్వే ఒకే వరుసలోని గడుల భవితవ్యాన్ని చేత్తో లెక్కగడుతూ దీన్ని కనుగొన్నాడు. తొమ్మిది గడులు పెడితే బ్లింకర్లే మిగులుతాయి, ఆరు పెడితే ఏమీ మిగలదు. ఒక్క గడి తేడాకు ఫలితం ఇంత మారడం చూస్తే, ఈ నియమం దగ్గర ఊహాగానం ఎందుకు పనికిరాదో తెలుస్తుంది.

చిన్న చక్రాలే రావడం సెల్యులార్ ఆటోమేటాలన్నిటికీ (లైఫ్ లాగే పొరుగులను చూసి గడులు మారే పలకలకు) ఒకే విధంగా వర్తించదు, దీన్ని కూడా చెప్పాలి. ప్రతి గడీ తనను తాను కలుపుకుని తొమ్మిది గడుల్లో ఎక్కువ మంది ఎటుంటే అటు మారే మెజారిటీ నియమాన్ని తీసుకోండి. పరిమితమైన పలక మీద అక్కడ చివరికి 1 గాని 2 గాని తప్ప మరో ఆవర్తన కాలం అసాధ్యం. రెండు పొరుగు గడుల ప్రభావం ఒకదానిపై ఒకటి సమానంగా ఉండి, పొరుగుల లెక్క ఒక హద్దు దాటిందా లేదా అన్నదే చూసే ఇటువంటి నియమాలన్నిటికీ ఇది వర్తిస్తుందని గోలెస్, ఒలివోస్ అనే పరిశోధకులు 1980 ప్రాంతంలో నిరూపించారు. మెజారిటీలో పొరుగు గడులు పెరిగితే గడి బతికే అవకాశం ఎప్పుడూ తగ్గదు. లైఫ్‌లో మూడు పొరుగులు పుట్టిస్తే నాలుగు చంపుతాయి. ఎక్కువైనా మరణమే, తక్కువైనా మరణమే కావడం వల్లనే ఇక్కడ పెద్ద చక్రాలకు తావుంది. ఏ ఆవర్తన కాలాలు సాధ్యమో తేల్చేది నియమమే, మీ పలక మీద కనబడని ప్రతిదీ అసాధ్యమని అనుకోనక్కరలేదు.

యాదృచ్ఛికంగా రానివాటిని కట్టుకోవాలి. ప్రోగ్రామర్ బిల్ గాస్పర్ 1970లో గమనించిన క్వీన్ బీ అనే ఆకృతి కొద్ది దూరం జరిగి, పదిహేను తరాలకు దిక్కు మార్చుకుని, వెనక ఒక తేనెపట్టును వదులుతుంది. అది తిరిగి వచ్చేసరికి తాను వదిలిన తేనెపట్టునే ఢీకొని నశిస్తుంది. అయితే రెండు చివరలా ఒక్కొక్క చదరాన్ని సరైన చోట పెడితే, ఆ చదరం తేనెపట్టును మింగేసి తాను మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. క్వీన్ బీ 30 తరాలకొకసారి మొదటికి వస్తూ ఆ రెండు చదరాల మధ్య నేతనాడెలా తిరుగుతూనే ఉంటుంది. చల్లారిపోవలసిన అలజడిని, తాము మారని కాపలా వస్తువులు ప్రతి తిరుగుడులోనూ సరిదిద్దుతూ నిలబెట్టడమే ఈ కళ అంతా. ఆ ఏడాది నవంబరులో గాస్పర్ బృందం ఇటువంటి రెండు నాడెలను ఎదురెదురుగా పెట్టి, 30 తరాలకు ఒక గ్లైడర్‌ను విసిరే తొలి గ్లైడర్ గన్‌ను తయారుచేసి, కాన్వే ప్రకటించిన 50 డాలర్ల బహుమతి గెలుచుకుంది.

రెండో మార్గం గ్లైడర్‌ను బంతిలా వాడుకోవడం. పెంటాడెకథ్లాన్‌కు సరైన క్షణంలో తగిలిన గ్లైడర్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. రెండు పెంటాడెకథ్లాన్లను ఎదురెదురుగా నిలిపితే గ్లైడర్ వాటి మధ్య తిరుగుతూ 60 తరాల ఆసిలేటర్ తయారవుతుంది. దీన్ని కట్టి చూడమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే లెక్క ఎక్కడ బిగుసుకుంటుందో ఇందులో చేతికి తెలుస్తుంది. ఒక పెంటాడెకథ్లాన్‌ను మూలవాటంగా ఒక్క గడి దూరం జరపండి. గ్లైడర్ పోవడానికి నాలుగు, రావడానికి నాలుగు తరాలు అదనంగా పడతాయి, ఎనిమిది తరాలు ఆలస్యంగా వచ్చిన గ్లైడర్ పెంటాడెకథ్లాన్‌కు వేరే భంగిమలో తగులుతుంది, ఆట అక్కడితో సరి. మళ్లీ కుదరాలంటే ఆ ఆలస్యం 15 గుణిజం కావాలి. 8, 15ల క.సా.గు. 120, అంటే పదిహేను గడులు జరపాలి, అప్పుడు వచ్చేది 180. పెంటాడెకథ్లాన్‌కు తనదైన లయ ఉండటమే ఇక్కడి చిక్కు. గ్లైడర్‌ను తిప్పే వస్తువు తాను మారనిదైతే ఈ బంధం తెగిపోతుంది, ఏ తరంలో వచ్చినా తిప్పుతుంది.

అటువంటి మారని వస్తువుల కోసం సాగిన వేట ఆసిలేటర్ల చరిత్రలో పెద్ద మలుపు. 1996లో డేవిడ్ బకింగ్‌హామ్ హెర్షెల్ అనే ఏడు గడుల ఆకృతిని, మారని వస్తువులతో కట్టిన కాలువల్లో ఒక చోటి నుంచి మరో చోటికి నడిపించే పద్ధతిని బయటపెట్టి, 61కీ ఆ పైన ఉన్న ప్రతి సంఖ్యకూ ఆసిలేటర్ కట్టవచ్చని చూపాడు. 2013లో మైక్ ప్లేల్ కనుగొన్న స్నార్క్ అనే మారని వస్తువు గ్లైడర్‌ను లంబకోణంలో తిప్పి, తరువాతి గ్లైడర్‌కు 43 తరాల్లో సిద్ధమవుతుంది. నాలుగు స్నార్క్‌లతో మూసిన దారి కట్టి, దాని పొడవును సర్దుకుంటూ అందులో సమాన దూరాల్లో తగినన్ని గ్లైడర్లను వదిలితే 43 నుంచి పైకి అన్ని సంఖ్యలూ చిక్కాయి. అంతకంటే దగ్గర దగ్గరగా గ్లైడర్లను పంపితే ముందు దాని తాకిడి నుంచి కోలుకోని స్నార్క్ చెదిరిపోతుంది. అందుకే 43కు దిగువన ఉమ్మడి యంత్రం పనిచేయదు, ఒక్కొక్క సంఖ్యకూ ఒక్కొక్క ఆకృతిని ప్రత్యేకంగా వెతికి పట్టుకోవలసి వచ్చింది. చిన్నవే కష్టమయ్యాయి, పెద్దవి ఎప్పుడో తేలిపోయాయి. కొత్తగా వచ్చినవారికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

మీరు 19 అని ఊరికే ఉదహరించారో తెలిసే అడిగారో గాని, అన్నిటికంటే చివర మిగిలిన రెండు సంఖ్యల్లో అది ఒకటి, రెండోది 41. ఈ రెండూ 2023 జులైలోనే తీరాయి: 19కి మిచెల్ రైలీ, 41కి నికో బ్రౌన్ ఆసిలేటర్లను కనుగొన్నారు. అదే ఏడాది డిసెంబరులో వాళ్లిద్దరితో సహా ఏడుగురు కలిసి, గేమ్ ఆఫ్ లైఫ్‌లో ప్రతి ధన పూర్ణాంకానికీ ఆసిలేటర్ ఉందని పత్రం వెలువరించారు. 1970లో మొదలైన లెక్క తేలడానికి 53 ఏళ్లు పట్టింది. అంతమంది అన్నేళ్లు కంప్యూటర్లతో వెతికితే దొరికినదాన్ని మీ 64 × 64 పలక మీద యాదృచ్ఛికంగా చూస్తానని ఆశ పెట్టుకోవద్దు. ఎన్ని పలకలు నడిపినా ఎక్కువగా వచ్చేవి బ్లింకర్లు, వాటి తరువాత టోడ్‌లు, బీకన్లు, పల్సార్లు, ఓపిక పడితే పెంటాడెకథ్లాన్.

ఆ రెండూ ఎందుకంత మొండికేశాయో మీ గడివారీ పటంలోనే కనబడుతుంది. 19 ప్రధాన సంఖ్య. రెండు చిన్న ఆసిలేటర్లను పక్కపక్కన పెట్టి క.సా.గు.తో దాన్ని తెచ్చే దొంగదారి లేదు, 41కీ లేదు. పై పరీక్షలో 6 వచ్చిన మీ పలక మూడు రంగులు చూపుతుంది, అందులో 6 అనే రంగు ఉండదు. కనుగొన్న ఆ 19 తరాల ఆసిలేటర్‌ను తెచ్చి అదే పరీక్ష పెట్టండి. 19కి 1, 19 తప్ప వేరే భాజకాలు లేవు కాబట్టి పటంలో రెండే రంగులుంటాయి: ఎప్పుడూ కదలని గడులది ఒకటి, పంతొమ్మిది తరాలకు ఒకసారి తప్ప మొదటికి రాని గడులది మరొకటి.